ఇంటిలో గిటారు సాధన: చిన్న ఆంప్లిఫయరును ఎన్నుకొను విధము
(మన సంఘపు ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాది సభలో పంచాంగ శ్రవణమైన పిదప ఎవరో యొకరు సాహిత్యమును గూర్చియో, పురాణమును గూర్చియో ప్రసంగించుట మన సంఘమున పరిపాటి. ఈ పర్యాయము నన్ను మాటలాడుమని కార్యవర్గమువారు కోరగా, గిటారు సాధనకు చిన్న ఆంప్లిఫయరును ఎన్నుకొను విధమును గూర్చి చెప్పెదనంటిని. వారు ఒక క్షణము నా ముఖము వంక చూచి, "మీరు చదివినది చరిత్ర గదా!" అనిరి. నిజమే. నేను చదివినది బి.ఏ. చరిత్ర; చేయుచున్నది సచివాలయమున ఫైళ్ళ పని. విద్యుచ్ఛాస్త్రములో నాకు పరీక్షాపత్రము లేదు. అయినను ఈ విషయమున నేనొక తప్పు చేసితిని. ఆ తప్పునకు ధనము, కాలము మాత్రమే గాక అంతకంటె విలువైనది కూడ వ్యయమైనది. తప్పు చేసి నేర్చుకొన్నవాడు దానిని పదిమందికి చెప్పుట ధర్మమని తలంచి మీ యెదుట నిలిచితిని.

మన క్వార్టర్సులలో సాయంసమయమున నడచినచో ఏదో యొక కిటికీనుండి గిటారు తీగల సవ్వడి వినవచ్చుట మీరందరును ఎరిగినదే. ఈ ద్వీపములలో ఇది వింత కాదు. నికోబారీ మిత్రులు పండుగలకు గిటారు చేతబట్టి గుంపుగా పాడుటను మనలో పలువురు చూచియున్నారు. వారి యిరుగుపొరుగున పెరుగుచున్న మన బిడ్డలకు ఆ వాద్యముపై మక్కువ కలుగుటలో ఆశ్చర్యమేమి? శ్రీకాకుళము, విశాఖపట్టణము జిల్లాలనుండి వచ్చి ఇచట స్థిరపడిన మన కుటుంబములలో తాత తప్పెటగుళ్ళు చూచి పెరిగినవాడైనచో, మనుమడు గిటారు మీటుచున్నాడు. రెండును సంగీతమే.

"అది పరాయి వాద్యము, అందులోను కరెంటు వాద్యము" అని కొందరు పెద్దలు పెదవి విరుతురు. వారికి నేనొక్క మాట జ్ఞాపకము చేయుదును. 1969లో పాలకొల్లులో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ గారు 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవములలో కచేరీ చేయునాటికి బాలుడు. ఆయన చేతనున్న మాండలినును మనము పరాయిదనలేదు. సాధారణ మాండలినులో మీటిన నాదము వెంటనే అణగిపోవును. గమకము పలుకుటకు దానికి ఆయుర్దాయము చాలదు. ఆయన అయిదు తీగల విద్యుత్ మాండలినును స్వీకరించి, ఆంప్లిఫయరు సహాయమున నాదమును నిలిపి, కర్ణాటక సంగీతమును దానిపై పలికించెను. 1998లో పద్మశ్రీ పురస్కారమును పొంది, 2014 సెప్టెంబరు 19వ తేదీన చెన్నపట్టణమున కన్నుమూయు వరకు ఆ వాద్యమును విడువలేదు. కరెంటు సంగీతమునకు శత్రువు కాదని చెప్పుటకు మన గోదావరి జిల్లాయే సాక్ష్యము. నా చిన్ననాట మా యింట ఆయన క్యాసెట్టు ఒకటి యుండెడిది. అరిగిపోవు వరకు వింటిని. మాండలిను కొనిపెట్టుమని మా నాయనగారిని అడుగు ధైర్యము మాత్రము నాకు కలుగలేదు.

కావుననే, మా అబ్బాయి పదునాలుగవ యేట విద్యుత్ గిటారు కావలెనన్నప్పుడు నేను వెనుకాడలేదు. సెలవుపై ప్రధానభూమికి వెళ్ళినపుడు గిటారును, దానితోపాటు ఒక ఆంప్లిఫయరును కొంటిని. అంగడివాడు "సార్, పిల్లవాడు ఎదుగుతాడు గదా, చిన్నది కొంటే ఏడాదికే మళ్ళీ మార్చాలి" అనెను. ఆ మాట నాకు మిక్కిలి సమంజసముగా తోచినది. బిడ్డలకు చొక్కాలు ఒక కొలత పెద్దవి కుట్టించు అలవాటు మనది. ఏబది వాట్ల ఆంప్లిఫయరును కొని, మూడునాళ్ళు ఓడలో ప్రయాణము చేయించి, మేడ మీది మా క్వార్టరునకు ఇద్దరు మనుష్యులచేత మోయించితిని.

ఆ మీదట జరిగినది సంగ్రహముగా చెప్పెదను. మా క్రింది యింటిలో ఒక ఉద్యోగి, ఆయన భార్య, వృద్ధురాలైన తల్లి నివసించుచున్నారు. ఆ భార్య ఆసుపత్రిలో నర్సు. తరచుగా రాత్రి డ్యూటీ. పగలు నిద్రించినగాని ఆమెకు గడువదు. మావాడు పాఠశాలనుండి వచ్చి పెట్టె మీట నొక్కినంతనే మా నేల, వారి కప్పు ఏకమై కంపించెడివి. ఇట్లు మూడువారములు గడచినవి. ఒక ఆదివారము ఆయన మెట్లెక్కి వచ్చి, కుర్చీలో కూర్చుండక, నిలుచుండియే, "సార్, ఏమీ అనుకోకండి. మా ఆవిడకు పగలు నిద్ర ఉండటం లేదు. మొన్న డ్యూటీలో కళ్ళు తిరిగి పడిపోయింది" అనెను.

నాకు సిగ్గు కలిగినది ధ్వనిని గూర్చి కాదు. ఆ మూడువారములను గూర్చి. ఆయన నాకంటె తక్కువ హోదాలో నున్నవాడు. నా యింటి తలుపు తట్టుటకు ఆయనకు మూడువారముల ధైర్యము కావలసివచ్చినది. కార్యాలయములో హోదా ఫైలుకు పనికివచ్చును. క్వార్టరులో అది పొరుగువాని నోటికి తాళము వేయును. నేను ఆ సంగతి ఎరుగక, మావాని సాధన సాఫీగా సాగుచున్నదని సంతోషించితిని. తలుపు వెనుకనుండి మా అబ్బాయి ఆ మాటలన్నియు వినెను. ఆ సాయంకాలమే పెట్టెను మంచము క్రిందికి త్రోసి, గిటారును సంచిలో పెట్టి మేకునకు తగిలించెను. నాలుగు మాసములు దానిని ముట్టలేదు. "వాయించరా" అన్నచో, "వద్దు నాన్నా" అనెడివాడు. నేను అయిదేండ్లు ముందుగా ఎదుగుదలను కొనబోయి, ఉన్న ఉత్సాహమును పోగొట్టితిని.

అప్పుడు మొదలుపెట్టితిని, ఏది కొనవలసియుండెనో తెలిసికొనుట. మన కొనుగోళ్ళలో ముందు సాంకేతిక యోగ్యతను, పిదప ధరను పరిశీలింతుము గదా. ఇచటను ఆ క్రమమునే పాటింతము.

మొదట, ఆంప్లిఫయరు చేయు పని యేమి? విద్యుత్ గిటారులో తీగల క్రింద అయస్కాంతములు, వాని చుట్టు సన్నని రాగితీగ చుట్టలు నుండును. ఉక్కు తీగ అదరినపుడు అయస్కాంత క్షేత్రము చలించి, ఆ చుట్టలో స్వల్పమైన విద్యుత్తు పుట్టును. 1831లో ఫారడే మహాశయుడు కనుగొన్న సూత్రమే యిది. 1930వ దశకపు ఆరంభమున రికెన్‌బాకర్ గిటారులలో ఇది వాద్యమునకు అక్కరకు వచ్చినది. అట్లు పుట్టిన విద్యుత్తు వోల్టులో ఏ పదియవ వంతో యుండును. దానిని పెంచి స్పీకరును కదలించునదే ఆంప్లిఫయరు.

"ఇంటిలో టెలివిజను స్పీకరు లుండగా వేరొకటి యెందులకు?" అని కొందరడుగుదురు. గిటారునుండి వచ్చు సంకేతము బలహీనము. దానిని స్వీకరించు ద్వారము సుమారు పది లక్షల ఓముల నిరోధము కలదై యుండవలెను. పాటలు వినుటకు ఉద్దేశింపబడిన యంత్రముల ద్వారములలో ఆ నిరోధము మిక్కిలి తక్కువ. వానికి తగిలించినచో గిటారు గొంతు మూసికొనిపోయినట్లు మ్రోగును. అదియునుగాక గిటారు స్పీకరు ఒక విధముగా వాద్యములో భాగమే; మిక్కిలి హెచ్చు స్థాయి ధ్వనులను అది అణచి, నాదమును మృదువు చేయును. కఱ్ఱ డొల్లగల మామూలు గిటారును నేర్చుకొను పిల్లలకు ఆంప్లిఫయరు అవసరమే లేదు. ఈ యొక్క మాట తెలిసినను సభలో కొందరికి కొన్నివేల రూప్యములు మిగులును.

ఇక వాట్ల సంగతి. నేను మోసపోయినది ఇచటనే. నన్నెవ్వరును మోసగింపలేదు, నా అజ్ఞానమే మోసగించినది. ఏబది వాట్లది పది వాట్లదానికి అయిదింతల శబ్దము చేయునని మనము తలంతుము. అట్లు కాదు. శక్తి రెండింతలైనచో ధ్వని మూడు డెసిబెళ్ళు మాత్రమే పెరుగును. మన చెవికి రెండింతలుగా తోచుటకు పది డెసిబెళ్ళు, అనగా పదింతల శక్తి కావలెను. ఏబదికిని పదికిని గల భేదము ఏడు డెసిబెళ్ళు. చెవికి రెండింతలైనను కాదు. మఱియొక లెక్క చూడుడు. సాధారణమైన చిన్న గిటారు స్పీకరు ఒక్క వాటు శక్తితో, ఒక మీటరు దూరమున సుమారు తొంబది డెసిబెళ్ళ ధ్వనిని ఇచ్చును. మనము మాటలాడుకొను ధ్వని అరువది డెసిబెళ్ళు. గదిలో నిండుగా వినబడు డెబ్బది డెసిబెళ్ళకు వాటులో నూరవ వంతు చాలును! ఇంటిలో సాధన చేయు బాలుడు వాడుకొనునది ఆ నూరవ వంతులే. తక్కిన నలుబదితొమ్మిది వాట్లను నేను ఓడ కెక్కించి తెచ్చి మంచము క్రింద దాచితిని.

"పెద్దదానినే తగ్గించి వాయించవచ్చును గదా?" అని ప్రశ్న. వాయించవచ్చును, కాని దాని శబ్దపు మఱ అడుగున మొఱటుగా నుండును. వెండ్రుకవాసి కదల్చినచో మౌనమునుండి గర్జనకు దుముకును. పెద్ద స్పీకరు అతిమందముగా మ్రోగినప్పుడు నాదము చప్పబడును. చిన్నదానికి మఱ అంతయు పనికివచ్చును. మంద్రముగా మ్రోగినప్పుడే వినసొంపుగా నుండుట ఇంటి ఆంప్లిఫయరునకు ప్రథమ యోగ్యత. అంగడిలో పరీక్షించునప్పుడు ఎంత గట్టిగా మ్రోగునో చూడరాదు. ఎంత మెల్లగా చక్కగా మ్రోగునో చూడవలెను.

నియమములను గూర్చియు ఒక మాట. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియంత్రణ నియమావళి ప్రకారము నివాస ప్రాంతమున పగలు 55 డెసిబెళ్ళు, రాత్రి 45 డెసిబెళ్ళు పరిమితి. రాత్రి యనగా పది గంటలనుండి ఉదయము ఆరు గంటల వరకు. 2010 సవరణ ననుసరించి, స్వంత ధ్వనియంత్రముల శబ్దము మన ఆవరణపు హద్దున ఈ పరిమితిని అయిదు డెసిబెళ్ళకంటె మించరాదు. ఆరుబయట దూరము రెండింతలైనచో శబ్దము ఆరు డెసిబెళ్ళు తగ్గును. ఒక మీటరున తొంబది యున్నది ఎనిమిది మీటర్లకు డెబ్బదిరెండు. మన కిటికీలు గాలికొరకు సర్వదా తెఱచియుండునవి. కావున ఒక్క వాటుతోనే నియమోల్లంఘనము జరుగును. ఫైలులో ఈ నియమములను ఉటంకించు మనమే ఇంటిలో వానిని మఱచుట తగునా?

ఇప్పుడు రకములు. మొదటిది వాల్వుల ఆంప్లిఫయరు. మన పూర్వపు రేడియోలలో ఎఱ్ఱగా వెలిగెడి గాజు నాళములు కలది. దాని నాదమునకు గొప్ప పేరు. కాని లోపల మూడు నాలుగు వందల వోల్టుల విద్యుత్తు నుండును. స్విచ్చి ఆపిన పిదపను కొంతసేపు నిలిచియుండును. వాల్వులు అరిగినచో మార్చవలెను. అవి ఈ దీవిలో దొరకవు. నేర్చుకొను పిల్లలకు ఇది వలదు. రెండవది ట్రాన్సిస్టరులది. 1947లో బెల్ ప్రయోగశాలలో పుట్టిన ఆ చిన్న పరికరమే ఆంప్లిఫయరును చౌక చేసినది. తేలిక, దృఢము, మరమ్మతు స్వల్పము. మూడవది లోపల చిన్న కంప్యూటరు కలిగి పలు ఆంప్లిఫయరుల నాదములను అనుకరించునది. ఇది మంద్రస్థాయిలోను చక్కగా మ్రోగును. ధర కొంత హెచ్చు. నాలుగవది గిటారునకే తగిలించుకొని హెడ్‌ఫోనులో వినునట్టి, అగ్గిపెట్టె కంటె కొంచెము పెద్దదైన పరికరము.

పేర్లు కావలెనని అడుగుదురు గనుక, ఉదాహరణమునకు చెప్పెదను, సిఫారసుగా గాదు. ఫెండర్ వారి ఫ్రంట్‌మాన్ 10జి, మార్షల్ వారి ఎం.జి.10 పది వాట్లవి. ఆరు అంగుళముల ప్రాంతపు స్పీకరు కలవి. ఆరెంజ్ వారి క్రష్ 12 ఇంచుమించు ఆ జాతిదే. ఇవి ట్రాన్సిస్టరువి. బ్లాక్‌స్టార్ ఫ్లై 3 మూడు వాట్లది. మూడంగుళముల స్పీకరుతో, ఆరు చిన్న బ్యాటరీలతో పనిచేయును. బాస్ వారి కటానా మినీ ఏడు వాట్లది. అదియు బ్యాటరీలతో నడచును. హెడ్‌ఫోను పరికరములలో వాక్స్ వారి యాంప్లగ్ ప్రసిద్ధము. ధరలు నిలుకడ లేనివి గనుక అంకెలు చెప్పను. కొను దినమున రెండు మూడు చోట్ల విచారింపుడు.

ఏది కొన్నను అందు నాలుగు గుణములు చూడవలెను. మొదటిది, హెడ్‌ఫోను ద్వారము. తీగగల హెడ్‌ఫోనే వాడవలెను. బ్లూటూత్ దానిలో ధ్వని సెకనులో అయిదవ వంతు వరకు ఆలస్యముగా చేరవచ్చును. చేయి ఒకచోట, చెవి యొకచోట నుండును. తాళము నేర్చుకొనుట అసాధ్యము. రెండవది, పాటను గాని మెట్రోనోమును గాని ఫోనునుండి వినిపించుటకు వేరొక ద్వారము. దానితో వాయించుటయే సాధనలో సగపాలు. మూడవది, గెయిన్, వాల్యూము అను రెండు వేర్వేరు మఱలు. మొదటిది నాదపు కరకుదనమును, రెండవది శబ్ద పరిమాణమును నిర్ణయించును. రెండును వేరుగా నున్నచో కరకు నాదమును సయితము మెల్లగా వాయించవచ్చును. నాలుగవది, మంద్ర, తార ధ్వనులను తగ్గించు మఱలు. గోడలను, నేలను దాటి పోవునది ముఖ్యముగా మంద్రధ్వని. దానిని తగ్గించి, పెట్టెను నేలపై గాక మడచిన దుప్పటి పఱచిన స్టూలుపై నుంచి, స్పీకరును చెవివైపు వంచినచో, తక్కువ శబ్దమే మనకు స్పష్టముగను, పొరుగువారికి అస్పష్టముగను వినబడును. ఈ ఉపాయమునకు వెల లేదు.

ఇక మన దీవికి ప్రత్యేకమైన సంగతులు. ప్రధానభూమిలో ముద్రితమైన ఏ సలహాలోను ఇవి కానరావు.

మొదటిది తేమ. ఇచట ఏటా సుమారు మూడువేల మిల్లీమీటర్ల వర్షము, రెండు ఋతుపవనములును మనవే, పైగా ఉప్పుగాలి. నా పెద్ద పెట్టె కఱ్ఱపొట్టుతో అదిమిన పలకలతో చేసినది. ఒక్క వానకాలమున దాని మూలలు ఉబ్బినవి. గిటారు తీగను దూర్చు రంధ్రము త్రుప్పుపట్టి, కదిపినచో బుసబుసలాడెను. కావున ప్లైవుడ్డు పెట్టె దొరికినచో మేలు. వాడని వేళ గుడ్డ కప్పి, తేమను పీల్చు సిలికా గుళికల సంచిని ప్రక్కన నుంచవలెను. అన్నిటికంటె మంచి మందు, దినమున కొక అరగంట దానిని వాడుట. లోపలి వెచ్చదనము తేమను తఱుమును. సాధనకును, యంత్రారోగ్యమునకును ఒకే నియమమగుట వేడుక. గిటారు తీగలను వాయించిన పిదప పొడిగుడ్డతో తుడువవలెను.

రెండవది విద్యుత్తు. ఇచట విద్యుచ్ఛక్తి ముఖ్యముగా డీజిలు జనరేటరులనుండి వచ్చుచున్నది. వోల్టేజి హెచ్చుతగ్గులు, అంతరాయములు మనకు కొత్త కావు. బ్యాటరీతో కూడ నడచు ఆంప్లిఫయరు ఇచట విలాసము కాదు. అమెరికానుండి బంధువులు తెచ్చియిచ్చు పెట్టెను పరీక్షింపక తగిలింపరాదు. అచటి విద్యుత్తు 120 వోల్టులు, మనది 230. తగిన ట్రాన్స్‌ఫార్మరు లేనిచో మొదటి క్షణముననే కాలిపోవును. మఱియు మూడుపుల్లల ప్లగ్గులోని ఎర్తు పుల్లను విఱిచి రెండు రంధ్రముల సాకెట్టులో పెట్టుట ఘోరమైన అపాయము. గిటారు తీగలు కేబులు ద్వారా ఆంప్లిఫయరు లోహభాగముతో కలిసియుండును. లోపమేర్పడినప్పుడు ఎర్తు లేనిచో, ఆ విద్యుత్తుకు దారి మన బిడ్డ చేయియే. వానకాలపు తడినేలపై వట్టికాళ్ళతో నిలిచి వాయించు పిల్లలున్న ఇంటిలో, ఆంప్లిఫయరు కొనుటకు ముందు ఎలెక్ట్రీషియనును పిలిచి ఎర్తింగును చూపింపుడు. ఈ ప్రసంగములో తక్కినదంతయు మఱచినను ఇది మఱువకుడు.

మూడవది మరమ్మతు. యంత్రము చెడినచో పెక్కు సందర్భములలో ఓడలోనో విమానములోనో పంపవలెను. రాకపోకల వ్యయము చిన్న ఆంప్లిఫయరు వెలలో చెప్పుకోదగిన భాగమగును. కావున తక్కువ మీటలు, తక్కువ హంగులు గలదే ఇచట ఎక్కువకాలము మన్నును. తేలికయైనది బదిలీ నాడును బరువు కాదు. బదిలీ లేని ఉద్యోగి మనలో ఎవడు?

అందఱికంటె తక్కువ ధర చెప్పినవానికే పని యిచ్చు అలవాటు మన కార్యాలయములది. ఇచట ఆ సూత్రమును కొంచెము మార్చవలెను. సాంకేతిక యోగ్యత పొందిన వానిలో తక్కువ ధరది కొనుడు. యోగ్యత లేనిదానిలో తక్కువ ధర వలదు. ఉన్న ధనములో ఎక్కువపాలు గిటారునకు, తక్కువపాలు ఆంప్లిఫయరునకు వెచ్చింపుడు. తీగలు పలకకుండ చేయి నొప్పించు గిటారునకు గొప్ప ఆంప్లిఫయరు తగిలించినచో, ఆ అపస్వరమే పెద్దదగును.

ఇక మా కథ ముగింపు. ఆ పెద్ద పెట్టెను బాగుచేయించి, ఒక నికోబారీ మిత్రుని ద్వారా వారి ప్రార్థనామందిరపు గాయకబృందమున కిచ్చితిమి. విశాలమైన ఆ మందిరమున ఏబది వాట్లు ఏబది వాట్లుగనే అక్కరకు వచ్చుచున్నవి. తప్పు పెట్టెది కాదు, చోటుది. మావానికి హెడ్‌ఫోను పరికరమును తెప్పించితిని. నాలుగు మాసముల పిదప గిటారు మేకునుండి దిగెను. సమస్య తీరినదని తలంచితిని.

తీరలేదు. వాడు తలుపు వేసికొని, చెవులు మూసికొని గంటలకొలది వాయించెడివాడు. ఏమి వాయించుచున్నాడో తల్లికి తెలియదు, నాకు తెలియదు. వట్టి తీగల గీకుడు మాత్రము వినవచ్చెడిది. తప్పును దిద్దువారు లేరు, మెచ్చువారును లేరు. హెడ్‌ఫోనులో శబ్దము ఎంతకు పెంచుచున్నాడో చూచువారు లేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ బాలలకు సూచించిన పరిమితి 75 డెసిబెళ్ళు, వారమునకు నలుబది గంటలు మాత్రమే. ఇట్లుండగా ఒకనాడు మెట్లవద్ద క్రింది యింటి వృద్ధురాలు నన్ను ఆపి, "ఏటి బాబూ, మీ కుర్రోడు వాయించడం మానేసినాడేటి? సాయంత్రం పూట వినేదాన్ని. కోడలు డ్యూటీకి పోయినాక ఇల్లు బోసిగుంటది" అనెను.

నేను నిరుత్తరుడనైతిని. ఆ యింటివారు కోరినది నిద్రయే గాని నిశ్శబ్దము గాదు. మేము అడుగలేదు, వారు చెప్పలేదు. ఆ సాయంకాలము నేనే మెట్లు దిగి వారింటికి వెళ్ళి, కుర్చీలో కూర్చుండి, కోడలి డ్యూటీ వేళలను అడిగి ఒక కాగితముపై వ్రాసికొంటిని. ఆమె నిద్రించు పగటివేళల హెడ్‌ఫోను. ఆమె డ్యూటీకి వెళ్ళిన సాయంకాలము ఒక గంట స్పీకరు. తొమ్మిది దాటినచో ఏదియు లేదు. ఇది ఒడంబడిక. పిమ్మట పది వాట్ల చిన్న ఆంప్లిఫయరును కొంటిమి. ఈ సారి ఎంపిక మావానిది. నేను ధర మాత్రము చెల్లించితిని. దాని శబ్దపు మఱ సగమునకైనను ఎన్నడును చేరలేదు.

ఇప్పుడు సాయంకాలము వాడు త్యాగరాజస్వామి కీర్తన నొకదానిని గిటారుపై పలికించుటకు తంటాలు పడుచున్నాడు. గమకము ఇంకను కుదురలేదు. క్రిందినుండి మామ్మగారు, "నిన్నటి మీద బాగుందిరా" అని కేక వేయుచున్నది. నలుబదేండ్లు దాటిన నేను వరండాలో కూర్చుండి, చిన్ననాటి క్యాసెట్టును తలంచుకొనుచున్నాను.

కావున సోదరులారా, మీ గది పొడవు వెడల్పులను కొలిచి, ఎర్తింగును పరీక్షించి, పది వాట్లు మించని ఆంప్లిఫయరును కొనుడు. దానికి ముందు పొరుగింటి తలుపు తట్టి, వారి నిద్రవేళ యేదియో అడుగుడు. హోదాలో పెద్దవారైనవారే ముందుగా తట్టుట న్యాయము. ఏలయనగా చిన్నవారు తట్టుటకు మూడువారములు పట్టును.

 ఈ నూతన సంవత్సరము మన యిండ్లలో సంగీతమును, మన పొరుగిండ్లలో నిద్రను సమృద్ధిగా ప్రసాదించుగాక!